సుద్దముక్కతో రాసిన జాగ్రత్త

పదకొండేళ్లుగా ఒక అబద్ధం నా గొంతులో ముల్లులా ఉంది. చెప్పింది నేను. దాని బరువు మోసింది ఇంకొకడు.

మీకు చెబుతున్నాను కదా అని జాలిపడకండి. అందుకు రాయడం లేదు.

నేను రాయచూరులో కరెంటు పనులు చేస్తాను. ఆ ఏడు ఆయుధపూజకు ముందురోజు తాయమ్మగారి ఇంటి మీద సోలారు పలకలు బిగించి, లోపల ఇన్వర్టరు పెట్టాను. ఇంట్లోకి ఒకసారికి ఒక్క కరెంటే రావాలి, స్తంభం నుంచి వచ్చేదో, సోలారుదో. రెండూ కలవకుండా అడ్డుపడేది చేంజోవర్ స్విచ్. అది నా సంచిలో లేదు. దుకాణాలు మూసేశారు. ఆమెకు ఆ పూటే ఫ్యాను తిరగాలి. ఇన్వర్టరు తీగను నేరుగా ఇంటి బోర్డుకు కలిపేశాను. పైన సుద్దముక్కతో రాశాను: ముందు మెయిన్ దించాలి, తర్వాతే ఇన్వర్టరు వేయాలి. పండగయ్యాక స్విచ్ పెడదామనుకున్నాను.

తెల్లవారి ఆమె మా ఊళ్లో అందరూ చేసేదే చేసింది. బోర్డును తడిగుడ్డతో తుడిచి, విభూతి పూసి, బంతిపువ్వు పెట్టింది. ఆ తడికి నా సుద్దరాత చెరిగిపోయింది. నేనూ ఆ పొద్దున నా కటింగ్ ప్లేయరుకు అలాగే బొట్టు పెట్టాను. బోర్డుకూ పూజ చేస్తారని నాకు తెలియదా? ఒక మనిషి ప్రాణాన్ని సుద్దముక్కకు అప్పగించేటప్పుడు ఆ సంగతి తట్టలేదా, లేక తట్టినా పక్కకు నెట్టానా?

నాలుగు రోజులకు స్తంభం దగ్గర ఆ ఇంటి సర్వీసు వైరు కాలి ఊడింది. ఇంట్లో మెయిన్ దించకుండానే ఇన్వర్టరు వేశారు. లైన్‌మ్యాన్ నరసప్ప వచ్చాడు. లైన్లో కరెంటు ఆగేలా ట్రాన్స్‌ఫార్మర్ హ్యాండిల్ దించాడు. మిగిలిన కరెంటు భూమిలోకి పోయేలా తీగల మీద గొలుసు వేసి స్తంభమెక్కి, వేలాడుతున్న వైరు పట్టుకున్నాడు. అందులో ఇంటి వైపు నుంచి నా ఇన్వర్టరు కరెంటు ఉంది. కిందపడ్డాడు. కుడిచేయి మళ్లీ పనికి రాలేదు.

కబురు వినగానే నేను పరుగెత్తింది అతని దగ్గరికి కాదు, ఆ బోర్డు దగ్గరికి. కరెంటాఫీసువాళ్లు రాకముందే చేంజోవర్ స్విచ్ బిగించేశాను. వాళ్లకు ఇంట్లో తప్పేమీ కనిపించలేదు. హ్యాండిల్ దించకుండా ఎక్కాడని రాసి, నరసప్పను పనిలోంచి తీసేశారు.

చూడ్డానికి వెళ్తే నవ్వాడు.

"ఎడమ చేత్తోని తింటుంటె మా ఇంట్లామె నన్ను పసిపోరడంటది తమ్మీ." తర్వాత నవ్వు ఆపాడు. "హ్యాండిల్ నేనే దించిన. గొలుసు గూడ ఏసిన. మరి గా వైర్ల కరెంటు ఏడికెల్లి వచ్చింది? నీకు ఎర్కుంటది, చెప్పు."

"ఏమో అన్నా. హ్యాండిల్ సరిగ్గ దిగలేదేమో."

"నువ్వు గూడ గట్లనే అంటవా?"

అన్నాను. పదకొండేళ్లు అంటూనే ఉన్నాను, నోరు మూసుకుని. వీధిలో ఈనాటికీ అతని పేరు 'దించకుండ ఎక్కినోడు'.

పాతది ఎందుకు తవ్వుతావు, నిన్నెవరూ పనికి పిలవరు అంటున్నారు నావాళ్లు. పిలవకపోనీ. మొన్న ఇదంతా కాగితం మీద రాసి, పేరుతో, సంతకంతో కరెంటాఫీసులో ఇచ్చాను. గుమాస్తా తిరిగి ఇవ్వబోతే కదలకుండా నిలబడి నకలు మీద ముద్ర వేయించుకున్నాను. ఆ నకలు నరసప్పకు చదివి వినిపించాను. అతను లేచి లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. వేసుకోనీ. ఆ తలుపు తెరవమని అడిగే హక్కు నాకు లేదు. గొంతులో ముల్లు మాత్రం కదిలింది.

నన్ను ఏమైనా అనండి. అతన్ని మాత్రం ఇక ఆ మాట అనకండి. నరసప్ప హ్యాండిల్ దించాడు.