తెర మీది తండ్రి

కువైట్‌లో, సల్వాలో నేను వంట చేసే ఇంటికి పోయిన చలికాలం ఇరాన్ నుంచి ఒక పెద్దావిడ అతిథిగా వచ్చింది. ఆ ఇంటి యజమానురాలిని మేం మామా అని పిలుస్తాం. ఆమె పుట్టింటివాళ్లు తరాల కిందట అక్కడి నుంచి వచ్చినవాళ్లే. తమ దేశంలో ఆడవాళ్లు కెమెరా వెనక నిలబడని రోజుల్లోనే ఆ అతిథి సినిమాలు తీసిందట. విడాకులు అడిగిన ఆడవాళ్లు, జైలుకెళ్లినవాళ్ల కుటుంబాలు, ఇవీ ఆవిడ కథలు.

ఒక సాయంత్రం మామా ఆవిడ సినిమా పెట్టి మమ్మల్నీ చూడమంది. నాతో పనిచేసే రాయచోటి అమ్మాయి తివాచీ మీద చతికిలబడింది. నేను సోఫా వెనక నిలబడే చూశాను.

సినిమాలో తండ్రి ఏళ్ల తర్వాత జైలు నుంచి వస్తాడు. గుమ్మంలో ఎదిగిన కూతురు. ఒకరినొకరు చూసుకుంటారు. ఆయన ఆమె చేతిలోని సంచి అందుకుని లోపలికి నడుస్తాడు. అంతే.

"అదేందక్కా, బిడ్డను దగ్గరికి తీసుకోడా?" అంది రాయచోటి అమ్మాయి.

"పరువుగల ఇండ్లల్లో అట్లే ఉంటారు," అన్నాను.

"మీ ఇంట్లో మాదిరా? అట్లయితే ఆయప్ప జైల్లో ఉండిందే మేలు."

నాకు కోపం వచ్చింది. మా తాత ఎదుట మా నాన్న నన్నెప్పుడూ ఎత్తుకోలేదు. పెద్దల ముందు కన్నబిడ్డను ముద్దు చేయకపోవడం మా ఇంటి మర్యాద. భూములు పోయాయి, మేడ పోయింది, అది మిగిలింది. నాన్న పోయి అప్పటికి ఏడాది కాలేదు. చివరిచూపుకు వెళ్లలేకపోయాను. ప్రేమ లేక కాదు, మర్యాద కోసమే ఆయన దూరంగా ఉన్నాడన్న నమ్మకంతోనే రోజులు గడుపుతున్నాను.

ఏమిటని అతిథి అడిగితే, వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆ తండ్రి అచ్చం మా నాన్నే అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అది మర్యాద కాదమ్మా. మా దగ్గర తెర మీద పరాయి మగవాడు ఆడమనిషిని తాకకూడదు. వాళ్లు నటులు, నిజమైన తండ్రీకూతుళ్లు కారు కదా. తల మీద ఒక్కసారి చెయ్యి పెడతానని ఆ నటుడు బతిమాలాడు. ఒప్పుకుంటే సినిమా బయటికి రాదు. అందుకే ఆ సంచి పెట్టాను." మెల్లగా అడిగింది. "మీ నాన్నను ఎవరు ఆపారు?"

"మా తాతగారు."

"ఆయన పోయాక?"

తాత పోయేనాటికి నేనింకా పలక పట్టుకునే వయసులో ఉన్నాను. ఆ తర్వాత మా ఇంటికి నాన్నే పెద్ద, అయినా నన్ను దగ్గరికి తీసుకోలేదు.

ఖాళీ టీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. రాయచోటి అమ్మాయి వెనకే వచ్చింది.

"నేనేమన్నా తప్పుగా అంటినా అక్కా?"

లేదన్నాను. ఆమె దగ్గరికి వచ్చి నా భుజాల చుట్టూ చేతులు వేసింది. నా చేతుల్లో గ్లాసులున్నాయి. పెట్టడానికి గట్టు పక్కనే ఉంది. పెట్టలేదు.