ఊలుతో రాసిన ఉత్తరం

నా చిన్నప్పుడు మా క్వార్టర్ల వరసలో ఊలు పట్టుకునే మనిషి ఒక్కతే ఉండేది, మా పక్కింటి ఆపా. డ్యామ్ పక్కనున్న మా విజయపురి సౌత్‌లో ఎండాకాలం వచ్చిందంటే సిమెంటు గోడలు సాయంత్రం దాకా సెగలు కక్కేవి. ఆ ఎండల్లో స్వెటర్లు ఎవరు తొడుక్కుంటారని ఆడవాళ్ళంతా నవ్వుకునేవారు. కానీ ఆపా స్వెటర్లు అల్లేది కాదు. ఒకసారి మర మనిషిని అల్లింది. వాడి పొట్ట మీద మీటల్లాగా నాలుగు చొక్కా గుండీలు కుట్టింది. ఇంకోసారి శనిగ్రహాన్ని అల్లి, చుట్టూ వలయం వాలిపోకుండా లోపల రాగితీగ దూర్చింది. నాకు రెండు కొమ్ముల టోపీ చేసిచ్చి, అవి కొమ్ములు కావనీ, వేరే గ్రహం వాళ్ళ మాటలు వినడానికి పెట్టిన ఏరియళ్ళనీ చెప్పింది. ఆ టోపీతో నేను చెమటలు కారుతున్నా వీధి వీధీ తిరిగాను.

ఆపా నరసరావుపేటలో రేడియోలు బాగుచేసే ఆయన కూతురు. పుట్టింట్లో బొమ్మల బదులు వాల్వులతో, తీగలతో ఆడుకుని పెరిగింది. ఆమె భర్త డ్యామ్ దగ్గర వైర్‌లెస్ ఆపరేటరు. నీటిమట్టం ఎంత ఉందో, ఎన్ని గేట్లు ఎత్తారో చుక్కలు, గీతల మోర్సు భాషలో కొట్టి పై ఆఫీసులకి పంపేవాడు. పెళ్ళయిన ఆర్నెల్లకే ఆపా ఆ భాష నేర్చేసుకుంది. సైకిలు చక్రం పుల్లల్ని అరగదీసి చేసుకున్న సూదులు రెండు ఎప్పుడూ ఆమె చేతుల్లో ఆడుతుండేవి.

ఈమధ్య మా మనవరాలు ఫోనులో చూసి క్రోషే సూదితో గ్రహాంతర జీవుల్నీ, కంప్యూటర్ ఆటల్లో వచ్చే వింత ప్రాణుల్నీ అల్లుతోంది. ఇదంతా గీక్‌ల సరదా, కంప్యూటర్ పిచ్చోళ్ళది, నీకు అర్థం కాదులే అమ్మమ్మా అంటుంది. నేను నవ్వి ఊరుకుంటాను. ఊలు పోగుల్లో ఎంత మాట పడుతుందో నాకు తెలిసినట్టు దానికి తెలియకూడదనే కోరుకుంటాను.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా మా నాన్నకి ప్రమాదం జరిగింది. నాన్న కాలవ మరమ్మతులకి రాయి కొట్టే క్వారీలో మందు పేల్చే మేస్త్రీ. ఒకరోజు పేలలేదనుకున్న మందు, దగ్గరికెళ్ళి చూస్తుండగా పేలింది. ప్రాణం దక్కింది గాని రాతి ముక్కలు రెండు కళ్ళలోనూ దిగాయి. గుంటూరు ఆసుపత్రిలో నెలన్నర ఉంచి పంపించారు. ఇంకో ఆపరేషన్‌తో చూపు వస్తుందేమో మద్రాసులో పెద్ద డాక్టరుని అడిగి ఉత్తరం రాస్తానని అక్కడి డాక్టరు చెప్పాడు. తెలుగులో రాయండి సార్, మా పిల్ల సదువుద్ది అన్నాడట నాన్న.

అప్పట్నించీ ఆయన వసారాలో నులకమంచం మీద కూచుని ఉత్తరం కోసం ఎదురుచూడటమే పనిగా పెట్టుకున్నాడు. పొద్దస్తమానం రాయి కొట్టిన చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉండేవి. వాటిని చూస్తే నాకు భయం వేసేది. ఆపాకి కూడా ఏదో అనిపించి ఉంటుంది. ఒకరోజు బెత్తెడు వెడల్పున్న ఊలు పట్టీ తెచ్చి నాన్న చేతిలో పెట్టింది.

"అన్నా, ఏలు పెట్టి చూడు. సీదా కుట్టు నున్నగా ఉంటది, ఉల్టా కుట్టు గింజలాగా తగులుద్ది. ఆ గింజలు లెక్కపెట్టు."

నాన్న విసుగ్గానే వేలు పెట్టాడు. అయిదు గింజలు, కాస్త ఖాళీ, మూడు గింజలు, ఖాళీ, మళ్ళీ రెండు. ఏందమ్మా ఇది అన్నాడు. అయిదొందల ముప్ఫై రెండు అడుగులు, నిన్నటి నీటిమట్టం అంది ఆపా. ఆసుపత్రి నుంచి వచ్చాక నాన్న మొహంలో నవ్వు చూడటం నాకదే మొదలు.

అంకెల తర్వాత అక్షరాలు వచ్చాయి. వైర్‌లెస్‌లో కొట్టేది ఇంగ్లీషు కాబట్టి అయిదో తరగతి చదివిన మా నాన్నకి పనికిరాదని, ఆపా, నేనూ కూచుని తెలుగు అక్షరాలకి చుక్కలూ గీతలూ కేటాయించుకున్నాం. చుక్కంటే ఒక గింజ, గీతంటే పక్కపక్కనే మూడు. ఆపా నాకూ అల్లడం నేర్పింది. నా కుట్లు ఒకచోట బిగుసుకుపోయి, ఒకచోట జారిపోయి, పట్టీ అంతా వంకర్లు తిరిగేది. అయినా నాన్న చదివేవాడు. ఇవాళ పప్పు మాడిందని ఒకసారి అల్లి ఇచ్చాను. వేళ్ళతో చదువుకుని, వంటింట్లో ఉన్న అమ్మకి వినపడేలా పకపకా నవ్వాడు.

ఆ రోజుల్లోనే అమ్మ ఊడ్చే పని చేసే ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. చూపు లేనివాళ్ళకి కేను కుర్చీలు అల్లడం నేర్పే చోటు ఒకటుందనీ, ఆర్నెల్లు అక్కడ ఉండి నేర్చుకుని వస్తే ఆఫీసుల కుర్చీల పనంతా ఇప్పిస్తామనీ చెప్పి, ఒక కాగితం ఇచ్చి వెళ్ళాడు. నెలాఖరులోగా సంతకం పెట్టి పంపాలి. నాన్న ఆ కాగితాన్ని పరుపు కింద పెట్టించి, ఉత్తరం రానీ చూద్దాం అన్నాడు.

ఉత్తరం వచ్చింది. పోస్టుమాన్ నా చేతికే ఇచ్చాడు. నాన్న నిద్రపోతున్నాడని వంటింట్లోకి తీసుకెళ్ళి అమ్మ దగ్గర విప్పాను. అమ్మకి చదువు రాదు. డాక్టరు చాలా దయగానే రాశాడు. రెండు కళ్ళలోనూ లోపలి పొర పూర్తిగా దెబ్బతిన్నదనీ, ఇంకే ఆపరేషన్‌కీ చూపు రాదనీ, ఆశ పెట్టుకోకుండా చేతనైన పని ఏదైనా నేర్చుకోమనీ. నేను గుసగుసగా చదువుతుంటే అమ్మ పిండి చేతులు అలాగే గాల్లో పెట్టుకుని నిలబడిపోయింది. కాసేపటికి నా భుజం పట్టుకుంది. భుజం మీద పిండి అంటుకుంది.

"ఇది మీ నాన్నకి సదవమాక. వచ్చే ఏడు ఆపరేషన్ చేస్తామని రాశాడని చెప్పు. ఈ మాట ఇంటే ఆయన బతకడే."

నేను అలాగే చదివాను. లేని అక్షరాలు చదవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కళ్ళు ఉత్తరం మీద ఉంటే ఒక మాట కనిపిస్తోంది, నోరు ఇంకో మాట అంటోంది. నాన్న శ్రద్ధగా విన్నాడు. ఇంకోసారి సదువమ్మా అన్నాడు. మొదటిసారి చదివినదే మళ్ళీ చదవాలి గదా, నాకు గుర్తు లేదు. వచ్చే ఏడు అన్నదాన్ని వచ్చే ఎండాకాలం అన్నాను. ఆయన తల ఊపాడు.

ఆ తర్వాత రోజూ ఉత్తరం చదవమనేవాడు. ఎవరొచ్చినా పిలిచి వినిపించమనేవాడు. చూపు వచ్చాక మళ్ళీ క్వారీకి వెళ్ళననీ, రొంపిచెర్లలో మా పెదనాన్న పొలం పక్కన కౌలుకి తీసుకుంటాననీ చెప్పేవాడు. చేతికర్ర తెస్తే, ఈ కొద్ది నెలల భాగ్యానికి కర్రెందుకని విసిరేశాడు. కుర్చీల పని సంగతి ఎత్తితే, కళ్ళొచ్చేవాణ్ణి గుడ్డోళ్ళ మధ్యన కూచోపెడతారా అని కేకలేశాడు. పరుపు కింద కాగితానికి గడువు దగ్గర పడుతోంది. అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోవడం మానేశాం. నాకు అన్నం సహించేది కాదు. బడిలో పాఠం చదవమంటే పుస్తకం మూసేసేదాన్ని.

నాన్న ఆపాకి కూడా ఆపరేషన్ సంగతి చెప్పాడు. ఆమె సంతోషపడి మా నాన్న దగ్గర్నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చి, ఉత్తరం చూపించమంది. దాచాలని కూడా తోచలేదు, ఇచ్చేశాను. చదివి, మడతలు పోకుండా మడిచి, చాలాసేపు చేతిలోనే పెట్టుకుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"నేను అన్నకి చెప్పను. ఇది మీ ఇంటి మాట. కానీ నువ్వు చానా చిక్కిపోయావే పిల్లా. నోటితో చెప్పలేకపోతే చేతుల్తో చెప్పుకో. చెప్పమని మాత్రం నేననను, నీ ఇష్టం."

అంతే అంది. నల్ల ఊలు ఉండ ఒకటి ఇచ్చింది. దాన్ని తెచ్చి రెండు రోజులు ముట్టుకోలేదు. మూడో రోజు మొదలుపెట్టాను. కొంత అల్లడం, విప్పేయడం. అమ్మ చూస్తూనే ఉంది, అడగలేదు. ఏమని అల్లాలో కూడా తెలియలేదు. డాక్టరు మాటలన్నీ అల్లాలంటే ఏడాది పడుతుంది. చివరికి ఆరు మాటలు అల్లాను. చూపు రాదంట నాన్నా. ఉత్తరం అబద్ధం చదివాను.

అమ్మ కుళాయి దగ్గరికి నీళ్ళకి వెళ్ళిన మధ్యాహ్నం పట్టీ నాన్న చేతిలో పెట్టాను. నీటిమట్టమా అన్నాడు. మొదటి గింజ దగ్గర వేలు పెట్టించాను. ఆయన వేలు మెల్లగా కదిలింది. చూపు అన్న మాట దగ్గర పెదవులు కదిలాయి. తర్వాతి మాట దగ్గర వేలు ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. చివరిదాకా చదివాడు. మళ్ళీ మొదటికి వచ్చాడు. అలా ఎన్నిసార్లో. తర్వాత పట్టీని చేతికి చుట్టుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మా నాన్న ఏడవటం నేను అంతకు ముందు వినలేదు. మనిషి ఏడ్చినట్టు లేదు, బండ దొర్లినట్టు ఉంది.

బిందెతో వచ్చిన అమ్మకి ఏం జరిగిందో అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏమే, ఎవరు చెప్పారే అని నా మీదికి వచ్చింది. నాన్న చేతికున్న పట్టీ చూసింది. బిందె అక్కడే వదిలేసి ఆపా ఇంటి గుమ్మంలోకి వెళ్ళింది. నేను వెనకాలే పరిగెత్తాను.

"మా ఇంట్లో నిప్పు పెట్టావు గదే! పసిదాని చేత ఎట్టాంటి పని చేయించావు? నీ బొమ్మలూ నువ్వూ! ఆయనకేదన్నా అయితే నువ్వు ఇస్తావా మనిషిని?"

వరసలోని వాళ్ళంతా బయటికి వచ్చారు. నేను అమ్మ వెనక నిలబడి ఉన్నాను. ఆపా తల ఎత్తి అమ్మని చూసింది, తర్వాత నన్ను చూసింది. నేనే అల్లాను అమ్మా, ఆపా చెప్పమనలేదు, అనాలి. మాట నాలిక మీదే ఉంది. బయటికి రాలేదు.

"అవును వదినా, నాదే తప్పు" అంది ఆపా.

అమ్మ ఇంకా చాలా అంది. ఆపా గుమ్మంలోనే నిలబడింది. తలుపు వేసుకోలేదు, లోపలికి పోలేదు, ఎదురు మాట్లాడలేదు. అమ్మ గొంతు బొంగురుపోయి, అక్కడే కింద కూలబడ్డాక, లోపలికెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. అమ్మ ఆ నీళ్ళు తాగలేదు.

నాన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు పొద్దున నన్ను పిలిచి, పరుపు కింద కాగితం తీయమన్నాడు. గడువు ఇంకా నాలుగు రోజులుంది. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పట్టి చూపించమన్నాడు. ఆయన వేలు నా చేతిలో చల్లగా ఉంది. అప్పుడు అన్నాడు, "నువ్వు వచ్చే ఏడు అని ఒకసారి, ఎండాకాలం అని ఒకసారి చదివినప్పుడే నాకు అనుమానం తగిలిందమ్మా. అడగటానికి ధైర్యం చాల్లేదు."

నాన్న వెళ్ళి పని నేర్చుకుని వచ్చాడు. తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా కుర్చీలు అల్లి మా ఇల్లు గడిపాడు. సంతోషంగా ఉన్నాడని చెప్పలేను. కొన్ని రోజులు మాటా పలుకూ లేకుండా కూచునేవాడు. కానీ రాని చూపు కోసం గుమ్మం వైపు చెవి పెట్టుకుని మాత్రం ఉండలేదు.

అమ్మా ఆపా మళ్ళీ మాట్లాడుకోలేదు. ఆ ఏడాది చివర్లోనే ఆపా వాళ్ళకి బదిలీ అయింది. సామాన్ల లారీ దగ్గర ఆమె నా తల నిమిరి, బాగా చదువుకో అంది. ఆ రోజు కూడా నేను నిజం చెప్పలేదు. అమ్మ కిటికీలోంచి చూస్తోందని నాకు తెలుసు.

చాలా ఏళ్ళకి, నాన్న పోయాక, ఒకనాడు బియ్యం ఏరుతూ అమ్మకి చెప్పాను. ఆ పట్టీ నేనే అల్లానమ్మా, ఆపా నన్ను ఒక్క మాట కూడా చెప్పమనలేదు అన్నాను. అమ్మ చేతులు ఆపలేదు.

"నాకు తెల్సులేవే. ఆమె కుట్లు అంత వంకరగా ఉంటాయా? ఆ రోజే తెల్సు. ఎవరో ఒకళ్ళ మీద అరవకపోతే నేను బతికుండేదాన్ని కాదు. నీ మీద అరవలేను, ఆయన మీద అరవలేను. ఆమె నిలబడింది."

నరసరావుపేట వెళ్ళినప్పుడు ఒకసారి ఆపా వాళ్ళ నాన్న రేడియో కొట్టు కోసం వెతికానని చెప్పింది. ఆ వీధిలో ఎవరికీ ఆ కొట్టు సంగతే గుర్తు లేదట.

నేను నర్సు పని చేసి రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో ఎన్ని కుటుంబాలకి వినలేని మాట చెప్పవలసి వచ్చిందో లెక్క లేదు. చెప్పగానే కొందరు నా మీదే విరుచుకుపడేవారు. మీరు సరిగ్గా చూడలేదన్నారు, మీకు మనసు లేదన్నారు, ఒకావిడ నా చీర పట్టుకుని లాగింది. పక్కనున్న పిల్ల నర్సులు, మన తప్పేం లేదని చెప్పండమ్మా అనేవారు. నేను చెప్పేదాన్ని కాదు. ఆ అరిచే మనిషికి ఆ క్షణాన అరవడానికి ఒక మనిషి కావాలి. ఆ గొంతు బొంగురుపోయేదాకా అక్కడే ఉండేదాన్ని, తర్వాత నీళ్ళు తెచ్చిచ్చేదాన్ని. కొందరు తాగేవారు, కొందరు తాగేవారు కాదు.