నాలుగో పాఠంలో ఒక వాక్యం

మా జ్ఞానానందం మాస్టారు బాపట్లలో హైస్కూలు నుంచి రిటైరయ్యాక కూడా ఊరుకోలేదు. చర్చిలో ఆదివారం బడి నడిపే మాలాంటివాళ్లకి శనివారాలు 'ఇతర మతాలు' బోధిస్తారు. హిందూమతం, బౌద్ధం, జైనం, నాలుగోది గ్రామదేవతలు. బుద్ధుడి దగ్గర ఆయన గొంతు కాస్త మెత్తబడుతుంది గాని, గ్రామదేవతల దగ్గరికొచ్చేసరికి పాతికేళ్లుగా అదే వాక్యం: 'వీరిది భయమే గాని ప్రేమ కాదు.' ఈ ఏడాది ఆ నోట్సు పుస్తకంగా వేద్దామన్నారు సంఘంవాళ్లు. టైపు చేసే పని నా నెత్తిన పడింది.

అసలు ఆ పూజ ఎప్పుడైనా చూశారా అని నోరు జారాను. ఆయన చూడలేదు.

సూర్యలంకలో పోతురాజు ఆయన పాత శిష్యుడు. చేపల వేట నిషేధం ముగిసి పడవ మళ్లీ సముద్రంలోకి దించే రోజున గంగమ్మకి పొంగలి పెడతాం, రమ్మని ఏటా పిలుస్తాడు. మాస్టారు ఏటా తప్పించుకుంటారు. అభిమానం లేక కాదు. క్రిస్మస్‌నాడు ఆ ఇంటికి కోడి బిర్యానీ పంపనిదే ఆయన ముద్ద ముట్టరు. చిక్కల్లా ప్రసాదంతోనే. తింటే మనస్సాక్షి ఒప్పుకోదు, వద్దంటే శిష్యుడు చిన్నబుచ్చుకుంటాడు. ఈసారి వెళ్లాం గాని, ఆటోలో దారంతా ఇదే గొణుగుడు. విసుగొచ్చి, షుగరుందని చెప్పెయ్యండి అన్నాను. అబద్ధమాడమంటావా అని కసిరారు.

పడవకి పసుపు రాశారు, కొబ్బరికాయ కొట్టారు. ఆకుల్లో పొంగలి పంచడం మొదలయ్యేసరికి మాస్టారు చేతిరుమాలు నలిపేస్తున్నారు. పోతురాజు భార్య కోటేశ్వరి మూతపెట్టిన చిన్న గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇది అమ్మవారికి పెట్టకముందే తీశానండి మాస్టారూ. మీరు మీ దేవుడికి చెప్పుకుని తినండి."

మాస్టారు కళ్లు మూసుకుని ప్రార్థించారు, మామూలు కంటే చాలాసేపు. తర్వాత గిన్నె ఊడ్చి తిన్నారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పోతురాజు ఇంటి దగ్గర చెయ్యి కడుక్కుంటూ గోడమీద ఫొటో చూశారాయన. పోతురాజు నల్లబట్టల్లో, మెడలో అయ్యప్ప మాలతో ఉన్నాడు. మాల ఏ నెలలో వేస్తావని అడిగారు. ఏటా డిసెంబరులోనేనని, పదిహేనేళ్లయిందని చెప్పాడు పోతురాజు. మాల వేసిన ఇంట్లోకి నీచు రాకూడదని మాస్టారికీ తెలుసు. పాఠంలో చెబుతారు కూడా.

"మరి నా బిర్యానీ?"

గుమ్మం బయటే అందుకుని పక్కింటి పిల్లలకి పెట్టేసేవాళ్లమని కోటేశ్వరే చెప్పింది.

"మీరు ప్రేమగా పంపింది వద్దంటామా అండి?"

తిరిగొచ్చి బాపట్లలో ఆటో దిగాక, మాస్టారు నాలుగో పాఠంలో ఆ వాక్యం కొట్టెయ్యమన్నారు. దాని బదులు ఏం రాయమంటారని అడిగాను.

"ఈ క్రిస్మస్‌కి వాళ్లకి పళ్లు పంపుతానమ్మా. ఆ తర్వాత రాద్దాం."