విప్పని పడిగె

సారపాకల సైన్‌బోర్డులు రాసే గోపాలుకు రెండువేల ఆరు ఎండాకాలం సర్కారు పని దొరికింది. ములకలపల్లి దిక్కు కట్టిన కొత్త భవనం గోడ మీద కోయ జాతర గియ్యాలె. డోళ్లు, కొమ్ములు, ఆడేటోళ్లు అందరూ గోడెక్కిన్రు. మిగిలింది పడిగె. ఇంటి వేల్పు కథ గీసిన ఆ గుడ్డను జాతర నాడు తప్ప విప్పరు.

"సాయంత్రమే ఓపెనింగు. పడిగె లేకుంటే జాతరెట్లయితది? జల్దీ గియ్," అన్నడు ఇంజినీరు.

గోడ మీద గీస్తే ఏడాది పొడుగునా విప్పినట్టే. గోపాలు వెనక్కి చూసిండు. ఆ పడిగెను ఇంట్ల దాచే కోయ ముసలమ్మ ఎర్రమ్మ పొద్దటి సంది ఎండలనే నిలబడ్డది. తిట్టినా బాగుండనిపించింది. కుంచెను రంగుల ముంచిండు.

గంటకు ఇంజినీరు మళ్లొచ్చిండు. గోడ మీద తాడుతోటి కట్టిన గుడ్డమూట గీసి ఉంది.

"ఇదేంది? పడిగె ఏది?"

"గదే సార్."

"విప్పి చూపియ్యవా? జాతరే గదా!"

"జాతర గోడ మీదనే సార్. బయట ఇంకా రాలే."

పై ఆఫీసరుకు చెప్తనని ఇంజినీరు ఫోను తీసిండు. ఎర్రమ్మ గోడ దగ్గరికొచ్చి, బొమ్మను వంగి చూసింది.

"ముడి వదులుగున్నది బిడ్డా. ఇంకో చుట్టు చుట్టు."