పదహారున్నర మిల్లీమీటర్ల రైల్వే

యాభై ఆరేళ్లు వచ్చేదాకా సోమలింగం అబద్ధమాడి ఎరగడు. కొలత చెప్పేవాడు కాదు, అంతే.

"సూరత్‌ల ఏం పని చేస్తవే?" అని సిరిసిల్లలో ఎవరడిగినా "రైలు పట్టాలు చేస్తం" అనేవాడు. అందులో అక్షరం అసత్యం లేదు. లింబాయత్‌లో ఒక సందు చివర, రెండు గదుల కార్ఖానాలో ఇరవై నాలుగేళ్లుగా అతను చేస్తున్నవి రైలు పట్టాలే. కాకపోతే రెండు పట్టాల మధ్య ఎడం పదహారున్నర మిల్లీమీటర్లు. చిటికెన వేలు దూరుతుంది, బొటనవేలు దూరదు. వాటి మీద నడిచే బండ్లు ఇంగ్లండులో పెన్షన్ పుచ్చుకునే పెద్దమనుషుల బల్లల మీద గుండ్రంగా తిరిగి, బయలుదేరిన చోటికే క్షేమంగా చేరుకుంటాయి. ప్రమాదాలు లేవు, ప్రయాణికులూ లేరు.

ఈ రైల్వే పుట్టుక ఇలా జరిగింది. సోమలింగం మొదట మరమగ్గాల మిస్త్రీ. నాన్‌పురాలో ఒక పార్సీ ముసలాయన దగ్గర బొమ్మ రైలు ఉండేది, దాని పట్టా విరిగింది. మగ్గంలో దారాలను విడదీసే ఇనుప దువ్వెనను కొలబద్దగా పెట్టుకుని, సోమలింగం పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్ చెక్కల్ని ఒకే ఎడంతో పేర్చి, పైన సన్నటి తీగ బిగించి అచ్చం అలాంటి పట్టానే చేసిచ్చాడు. పార్సీ ఆయన దాన్ని ముంబయి ఏజెంటుకు చూపించాడు. ఆ రోజు నుంచి సోమలింగం మగ్గం ముఖం చూడలేదు.

సిబ్బంది ముగ్గురు. భార్య వజ్రమ్మ స్లీపర్ల శాఖ. సోమలింగం మిగిలిన శాఖలన్నీ. అతి ముఖ్యమైన శాఖ మాత్రం వజ్రమ్మ చెల్లెలి భర్త రాజలింగానిది. తీగ చుట్టగా వస్తుంది, దాన్ని సాపు చేయాలి. రాజలింగం తీగను గోడ కొక్కేనికి బిగించి, ఒక కన్ను మూసి రెండో కంటితో పొడవునా చూసి, వంకర ఉన్నచోట వేలితో నొక్కేవాడు. ఒకసారి ఈ పనికి యంత్రం తెచ్చారు. యంత్రం సాపు చేసింది. రాజలింగం దాన్ని చూసి మళ్లీ సాపు చేశాడు. యంత్రాన్ని తిరిగి ఇచ్చేశారు.

రాజలింగం కార్ఖానాలోనే పడుకునేవాడు. భార్య లింగవ్వ సిరిసిల్లలో బీడీలు చుడుతూ కూతుర్ని పెంచింది. ఏడాదికోసారి ఊరికెళ్లినప్పుడు అతనూ కొలత చెప్పేవాడు కాదు. ఈ విషయంలో కుటుంబానికి కట్టుబాటు ఉండేది.

గోడ మీద, దేవుడి పటాల పక్కన, ఒక ఫోటో ఉండేది. ఒకప్పుడు రైల్వే స్టేషన్‌లో ఏదో ప్రదర్శన పెడితే పట్టాలు ఈ కార్ఖానా నుంచే వెళ్లాయి. ఒక పెద్దాఫీసరు వచ్చి సోమలింగంతో చేయి కలిపాడు. ఆయన పేరు అడగడం ఎవరికీ తోచలేదు. అవి బొమ్మ పట్టాలని సందులో పిల్లలకు కూడా తెలుసు. అయినా ఫోటో ఫోటోయే. పిల్లల పేర్లు బడిలో రాయించాలన్నా, రేషన్ కార్డు కావాలన్నా జనం ఆ ఫోటో కిందికే వచ్చి నిలబడేవారు.

రెండు వేల ఇరవై మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. సూరత్‌లో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగేసరికి, సందులో వాళ్లకు మొదటిసారి పక్కింటి దగ్గు వినపడింది. ముంబయి ఏజెంటు ఫోను ఎత్తలేదు. తీగ రాలేదు. ఏప్రిల్ అంతా గంజి మీద గడిచింది. రాజలింగం కూతురు సమ్మక్కకు మే నెలలో తొలి కాన్పు. అతను రోజూ వేళ్లు ముడిచి లెక్కపెట్టేవాడు.

మే మొదట్లో ఒక పొద్దున సూరత్ పక్కనున్న జోల్వా నుంచి లక్ష్మీరాజం వచ్చాడు. అక్కడ మగ్గం నడుపుతాడు, రాజలింగం ఊరివాడే.

"ఉల్లిగడ్డలు దించిన లారీ ఒకటి నాందేడ్ దాకా ఖాళీగ పోతున్నది. పదిహేను మందిమి ఉన్నం. నడువు తమ్మీ, ఆడికెల్లి ఎట్లనో గట్ల ఇల్లు చేరుతం."

రాజలింగం అప్పుడే సంచి అందుకున్నాడు. వాకిట్లో పదిమంది మూగారు. ఆ పదిమందే కొంప ముంచారు. ఒంటరిగా ఉండుంటే సోమలింగం "పో తమ్మీ" అనేవాడు. జనం ముందు అతని మెడ దానంతటదే నిటారైంది.

"టార్పాలిన్ కింద మేకల తీరు పోతడా? ఇరవై ఏండ్లు రైలు పట్టాలు చేసినోడు లారీల పోతే నలుగురు నవ్వరా? కూలోళ్లకు రైళ్లేస్తున్నరట. నేను సాబ్‌తోని మాట్లాడుత. రైలెక్కిచ్చి తోలుత."

"ఏ సాబు?" లోపల్నుంచి వజ్రమ్మ అంది. "ఆ ఫోటోల సాబా? చెయ్యి నీకిచ్చి మొకం అటు పెట్టిండు. జర సిగ్గుండాలె."

జనం నవ్వారు. అదీ తప్పయింది. సోమలింగం మరింత గట్టిగా "రెండు దినాలల్ల బండి" అన్నాడు.

రాజలింగం ఒకసారి లక్ష్మీరాజాన్ని, ఒకసారి సోమలింగాన్ని చూశాడు. సంచి కింద పెట్టాడు. "అన్న మాటంటే అయితది వదినా."

సాయంత్రానికల్లా, రైల్వే సోమలింగం బండి మాట్లాడుతున్నాడని లింబాయత్ తెలుగువాళ్లంతా విన్నారు. వారంలో నోటుబుక్కులో నలభై మూడు పేర్లెక్కాయి. మొదటి పేరు రాజలింగానిది. సోమలింగం రోజూ పొద్దున్నే ఆ పుస్తకం, గుడ్డసంచిలో ఫోటో పట్టుకుని వెళ్లి ఆఫీసుల ముందు వరసల్లో నిలబడేవాడు. ఒక్కో వరస చివర ఇంకో వరసకు దారి చూపించేవారు. నాలుగో రోజు ఒక గేటు దగ్గర వాచ్‌మన్ ఫోటోను ఎండకు పట్టి చూసి జాలిపడ్డాడు.

"కాకా, యే సాబ్ తో కబ్ కే రిటైర్ హో గయే."

సాబ్ ఎప్పుడో రిటైరయ్యాడని తెలిసిన ఆ పూటే ఇంటికొచ్చి సోమలింగం తన మొదటి అబద్ధం ఆడాడు. "సాబ్ మీటింగుల ఉన్నడు." ఆలస్యంగా మొదలుపెట్టినా త్వరగానే చేయి తిరిగింది. మర్నాడు "లిస్టు పైకి పోయింది" అన్నాడు. ఆ మర్నాడు "ఇంజను కోసం ఆగిండ్రు" అన్నాడు.

సిరిసిల్ల నుంచి లక్ష్మీరాజం ఫోను చేశాడు. "చేరుకున్నం తమ్మీ. క్వారంటైనని బడిల ఉంచిండ్రు. పప్పన్నం పెడుతున్నరు. నువ్వెప్పుడు?"

"అన్న మాట్లాడుతుండు," అన్నాడు రాజలింగం. తర్వాత మూలకు పోయి, మిగిలిన తీగ ముక్క ఒకటి కొక్కేనికి బిగించి, ఎవరూ అడగకపోయినా సాపు చేస్తూ కూర్చున్నాడు.

మే పదకొండున అతనికి జ్వరం వచ్చింది. పదమూడున ఊపిరి ఆడక అంబులెన్సు పిలిచారు. వాకిట్లో రాజలింగం వెళ్తూ సోమలింగం చేయి పట్టుకున్నాడు.

"అన్నా, బండస్తే నా పేరు కొట్టెయ్యకు. ఎట్లయినా అస్త."

"కొట్టెయ్య తమ్మీ."

పద్నాలుగున సమ్మక్కకు ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు వార్డులోకి వెళ్లిందో లేదో తెలియదు. రాజలింగం ఫోను కార్ఖానాలోనే, దిండు కింద ఉండిపోయింది. పదహారున అతను పోయాడు. ప్లాస్టిక్ దుస్తుల్లో నలుగురు వచ్చి తీసుకెళ్లారు. సోమలింగాన్ని రోడ్డుకు అవతల నిలబడి చూడనిచ్చారు.

నోటుబుక్కులో మిగతా నలభై ఇద్దరూ ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. ఒక్కరూ సోమలింగాన్ని నిలదీయలేదు. నిలదీస్తే కొంత నయంగా ఉండేది.

జులైలో ఏజెంటు ఫోను చేశాడు. ఇంగ్లండులో ఇళ్లల్లో చిక్కుకున్న జనమంతా బొమ్మ రైళ్ల మీద పడ్డారట. కార్ఖానా చరిత్రలో అంత పెద్ద ఆర్డరు ఎన్నడూ రాలేదు. తీగ చుట్టలు కూడా పంపాడు. సోమలింగం కొక్కేనికి తీగ బిగించి, ఒక కన్ను మూశాడు. అతనికి అంతా సాపుగానే కనపడింది. పట్టా బిగించి, పరీక్ష చేసే చక్రాల జత పెట్టి తోశాడు. జానెడు పోయి పడిపోయింది.

"వంకరున్నది," అంది వజ్రమ్మ.

"ఏడున్నది?"

"నాకేం ఎర్క. ఎర్కున్నోన్ని ఆపినవు గదా."

అన్ని రోజుల్లో ఆమె అన్న మాట అదొక్కటే.

ఆ వారమే లింగవ్వ ఫోను చేసింది. గొంతు మర్యాదగా ఉంది. దానికే భయం వేసింది సోమలింగానికి.

"బావా, ఒక మాట. రైల్వేల పనిచేసుకుంట పోతే ఇంట్ల ఒకరికి నౌకరి ఇస్తరట గదా. మా అల్లుడు దశరథం పది పాసయిండు. నీకు సాబ్ తెలుసాయె. జర చెప్పరాదు."

సోమలింగం నోట్లోకి "సాబ్ మీటింగుల" అన్న మాట వచ్చి ఆగింది. ఫోను చెవిన పెట్టుకునే గోడ వైపు చూశాడు. ఫోటో ఇంకా గుడ్డసంచిలోనే ఉంది. గోడ మీద తెల్లటి చదరం మాత్రం ఉంది.

"లింగవ్వా, మేం చేసేటి పట్టాల మీద మనుషులెక్కే రైలు పోదు. చిటికెనవేలంత సందు. బొమ్మ పట్టాలు."

అవతల బీడీల చాట కింద పెట్టిన చప్పుడైంది.

"మరి ఇరవై ఏండ్లు మా ఆయన ఏం చేసిండు బావా?"

"తీగ సాపు చేసిండు."

"ఎందుకు?"

"ఆడుకునేటందుకు."

"పోరగాండ్లా?"

"కాదు. ముసలోళ్లు."

లింగవ్వ ఏడవలేదు, తిట్టలేదు. "నా బిడ్డ అత్తగారింట్ల ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు బావా," అంది. ఫోను పెట్టేసింది.

మర్నాడు ఏజెంటుకు కార్ఖానా మూసేశానని కబురు పెట్టాడు. ఇంత మంచి రోజుల్లో ఏమిటీ పిచ్చి అని ఏజెంటు అరిచాడు. సోమలింగం గోడ కొక్కెం పీకాడు. మగ్గం దువ్వెన, తీగ చుట్టలు, వంకర పట్టా అన్నీ పాత సామాన్లవాడి బండిలో వేశాడు. వాడు స్లీపర్ల కట్ట చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "యే క్యా హై, కాకా?" అన్నాడు.

"రైలు పట్టా," అన్నాడు సోమలింగం, పాత అలవాటు కొద్దీ.

తర్వాత బండిని ఆపి, చూపుడు వేలూ బొటనవేలూ దగ్గరగా పెట్టి, మధ్య ఎడం చూపించాడు.

ఇప్పుడతను పాండేసరలో బట్టలకు రంగులేసే ఒక మిల్లు గేటు దగ్గర కాపలా కూర్చుంటాడు. ముందేం పని చేసేవాడివని ఎవరైనా అడిగితే మొదట ఆ రెండు వేళ్లూ ఎత్తి చూపిస్తాడు. ఎడం సరిగ్గా పదహారున్నరే ఉంటుంది. చాలామంది అది చూసి చిటికెడు పొగాకు అడుగుతున్నాడనుకుని ఇచ్చి వెళ్తారు.