నీళ్ళు పోయని రాయి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. జియాలజీలో చేరిన రోజు మా మేనమామ "రాళ్ళు కొట్టుడుకు ఎమ్మెస్సీ ఎందుకే?" అని నవ్వితే, చేతిలో ఉన్న చాయ్ గ్లాసు గోడకేసి కొట్టాను.

చదువయ్యాక మా బ్యాచ్‌లో ఒకడు బొగ్గు గనులకు పోయాడు. ఒకమ్మాయి భూగర్భ జలాల శాఖలో చేరింది. ఇద్దరు ఉప్పల్‌లో కోచింగ్ సెంటర్ బెంచీల మీదే ఉండిపోయారు. నాకు నాచారంలో ఒక అపార్ట్‌మెంట్ సైటు దొరికింది. సెల్లార్ కోసం ముప్పై అడుగుల లోతున రాయి తవ్వుతున్నారు. ఆ గుంత పక్కన నిలువుగా మిగిలిన రాతి గోడ నిలుస్తుందో కూలుతుందో చెప్పడమే నా ఉద్యోగం.

సుత్తితో నాలుగు చోట్ల కొట్టాను. ఖంగుమంది. గోడకు ఢోకా లేదని రాసి సంతకం పెట్టాను. అక్కడే ఉన్న ముసలి రాతి మేస్త్రీ "నీళ్లు పోసి సూడవా బిడ్డా?" అన్నాడు.

"నేను చదివింది ఇదే తాతా. నీ పని నువ్వు చూసుకో" అని కసిరాను.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి ఆయన గోడ అంచున రెండు బకెట్ల నీళ్ళు కుమ్మరించి కూర్చున్నాడు. "జర ఆగు, ఆరనీ" అన్నాడు. ఎండకు రాయంతా తెల్లగా ఆరిపోయింది. ఒక గీత మాత్రం ఆరలేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా, గుంత వైపే వాలి, నల్లగా మిగిలింది. పగులు. దాని కింద ఆరుగురు డ్రిల్లింగ్ చేస్తున్నారు. కిందికి అరిచాను, డ్రిల్లుల మోతలో వాళ్ళకు వినపడలేదు.

గేటు దగ్గర, డ్రిల్లులకు గాలి పంపే కంప్రెసర్ పక్కనున్న మేనేజర్ దగ్గరికి పరుగెత్తాను. పని ఆపమన్నాను.

"ఏంటమ్మా, నిన్న నువ్వేగా సంతకం పెట్టావ్? రాత్రికి రాత్రే పగిలిందా రాయి?"

"నాదే తప్పు. ముందు మనుషుల్ని పైకి పిలవండి!"

పిలవలేదు. నేను కంప్రెసర్ స్విచ్ మీదకు పోతే చెయ్యి విరిచి పట్టుకుని చెంప మీద కొట్టాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. ఇక నాకు ఒళ్ళు తెలియలేదు. సంచిలోంచి సుత్తి తీసి గాలి గొట్టం బిగింపు మీద కొట్టాను. ఒకటి, రెండు, మూడు. మూడో దెబ్బకు గొట్టం ఊడి గాల్లోకి లేచింది. గాలి గొట్టంతో ప్రమాదమని నన్ను ఆపడానికి వెనకాలే వచ్చిన తాత మొహానికి దాని ఇనుప కొస తగిలింది.

ఆయన కేక కింద దాకా వినిపించింది. గాలి అందక డ్రిల్లులు అప్పటికే ఆగిపోయాయి. ఆరుగురూ నిచ్చెన ఎక్కి వచ్చారు. నెత్తురోడుతున్న తాతనూ, నా చేతిలో సుత్తినీ చూశారు. "ముసలాయన్ని కొడ్తవానే?" అంటూ ఒకతను నా జుట్టు పట్టి ఈడ్చాడు. ఇంకొకతను తన్నాడు. దెబ్బలు తింటూనే లెక్కపెట్టుకున్నాను. అయిదుగురు నా మీదున్నారు. ఆరో అతను తాత తల ఒళ్ళో పెట్టుకున్నాడు. కింద ఎవరూ లేరు.

అప్పుడు గోడ పడింది. కాళ్ళ కింద నేల అదిరింది. దుమ్ము మీదికి లేచింది. నా జుట్టు పట్టుకున్న చెయ్యి దానంతటదే వదిలేసింది.

దవాఖానాలో తాత కుడి కన్ను తీసేశారు. రెండో రోజు మంచం పక్కన నిలబడ్డాను. పెదవి చిట్లి మాట సరిగ్గా రావడం లేదు.

"గోడ పడ్డదా?" అని అడిగాడు.

"పడింది తాతా."

"కింద ఎవలన్న ఉండిరా?"

"ఎవరూ లేరు."

కంటి మీది కట్టు సర్దుకున్నాడు. "మంచిగనే కొట్టినవ్ బిడ్డా" అన్నాడు. "మొన్న నీళ్ళు పోసుంటే కొట్టుడే అవసరం పడకపోతుండె."