రాజాం ఊఁ కొట్టిన రోజు

‘ముద్రించిన కార్యక్రమాన్ని మార్చవలెనన్న సభ్యులందరి సంతకములు అవసరము.’ మా చిత్రోత్సవ కమిటీ నియమావళిలో ఏడవ అంశం ఇది. అసలు ప్రతి నా ట్రంకుపెట్టెలో ఉంది. ఈ ఒక్క వాక్యం లేకపోయి ఉంటే జగ్గమ్మ కథ రెండవనాటి మధ్యాహ్నమే ముగిసిపోయేది. అందుకే ముందుగా దీన్ని ఎత్తి రాస్తున్నాను.

జగ్గమ్మది శ్రీముఖలింగం దగ్గరి పల్లె. అరవై మూడేళ్ల మనిషి, చదువు రాదు. పన్నెండో ఏట తల్లి వెనుక నిలబడి జముకుల కథ నేర్చుకుంది. ఆమె కథ చెబుతుంటే బావ ఎర్రన్న, డోలుకు నరం బిగించిన జముకు మీటుతూ ప్రతి మలుపు దగ్గరా ‘ఊఁ’ అంటాడు. ఆ ఊఁ పడనిదే ఆమె తరువాతి మాట ఎత్తదు. ఊళ్లలోకి డీజేలు వచ్చాక పదకొండేళ్లుగా ఆమెను కథకు పిలిచినవారు లేరు.

గత ఫిబ్రవరిలో రాజాంలోని ఒక కాలేజీ హాలులో మూడు రోజుల పాలస్తీనా చిత్రోత్సవం జరిపాం. మొదటిరోజు అరబ్బీ మాటల కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తుతుంటే, వచ్చిన తొంభైమందిలో చివరిదాకా కూర్చున్నవారు పద్నాలుగుమంది. మా అధ్యక్షుడు గణపతిరావు పెదవి విరిచి, “పల్లెజనానికి ఇవి ఎక్కవండీ” అన్నాడు. ఎక్కకపోవడానికి జనం తక్కువవారా, ఆ అక్షరాలు పరాయివా? అడిగాను.

ఈ చిక్కు ముందే ఊహించినవాడు మా కార్యదర్శి ఉపేంద్ర, తెలుగు లెక్చరర్. మిగిలిన రెండు రోజులూ ఒకే సినిమా వేసి, పక్కన నిలబడి జగ్గమ్మ కథ చెప్పేటట్టు కరపత్రంలో అచ్చు వేయించాడు. అందుకోసం లాప్‌టాప్‌లో ఆ సినిమాను ఆమెకు నాలుగుసార్లు చూపించి అర్థం చెప్పాడు. ఒక ముసలమ్మ. సైన్యం కట్టిన గోడకు అవతల ఆమె ఆలివ్ తోట ఉండిపోయింది. కాయ కోతకు వచ్చింది. సైనికుల గేటు దాటాలంటే అనుమతి కాగితం కావాలి. అంతే కథ.

రెండవరోజు జగ్గమ్మ బాగానే ఎత్తుకుంది. “సూడండమ్మా, మన జీడితోట లాటిదే. తాత నాటితే మనవలు తింతన్నారు” అని ఆగింది. ఎర్రన్న తీరుబడిగా “ఊఁ” అన్నాడు. సినిమా ఆగలేదు. ఆమె ముసలమ్మ చేత ఇంటి తలుపు తీయించేసరికి తెరమీద ముసలమ్మ గేటు దగ్గరుంది. జగ్గమ్మ కథ గేటు చేరేసరికి తెరమీద ముసలమ్మ ఇంటికి తిరిగొస్తోంది. వెనుక వరసలో ఎవరో “ఒసే మామ్మా, బస్సు ఎలిపోనాదే!” అని అరిచారు. హాలంతా నవ్వింది.

జగ్గమ్మ మెట్లమీద కూర్చుండిపోయింది. “రేపు కూడా నవ్వితే ఈ జముకుని వంశధారలో పడేస్తాను బావా.”

“నన్ను మటుకు గట్టునే వొదిలెయ్యి. నాకు ఈత రాదు” అన్నాడు ఎర్రన్న.

అప్పటికే గణపతిరావు, మూడవరోజు ఆమె కార్యక్రమం రద్దు చేసినట్టు కాగితం రాసేశాడు. నేను ఏడవ అంశం చూపించాను. నా సంతకం పడదన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మరునాడు అడిగి తీసుకున్నాను, అదీ పెట్టెలో ఉంది.

ఆ సాయంత్రం జగ్గమ్మ ఉపేంద్రను అడిగింది. “నాయినా, ఆ ముసిల్దాన్ని గేటుకాడ ఎంతసేపు నిలబెడతారు?”

“రెండుసార్లమ్మా. ఒక్కోసారి ఆరేసి నిమిషాలు. మాటలుండవు, ఊరికే లైను.”

“అయితే నాకు సోటున్నాది. ఆ లైనులో నిలబడి ముందు జరగబోయేది సెప్పేస్తాను. ఆ తరవాత నోరు మూసుకుంతాను. బొమ్మే సెప్పుకుంతాది.”

“మరి నా ఊఁ?” అన్నాడు ఎర్రన్న.

“మింగీ బావా. ఈ పాలికి ఊఁ జనానిది.”

మూడవరోజు చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు నాలుగు ఆటోల్లో, రెండు ట్రాక్టర్లలో దిగారు. కుర్చీలు చాలలేదు. తెరమీద లైను మొదలైంది. జగ్గమ్మ గొంతూ లేచింది. ముసలమ్మ కొంగున ఏ కాగితం ఉందో, దాని గడువు నిన్నటితో ఎలా తీరిపోయిందో, ఆ కుర్ర సైనికుడు ఏమంటాడో అన్నీ ముందే చెప్పి నోరు మూసింది. ఇక తెరమీద సైనికుడు చెయ్యి అడ్డం పెట్టినప్పుడు ఎవరికీ ఏ అక్షరమూ అక్కరలేకపోయింది. మూడవ వరసలో లక్ష్మణమ్మ అనే రైతుకూలీ లేచి నిలబడి, “ఒరే, దాని సెట్టు కాడికి దాన్ని ఎల్లనియ్యవేట్రా!” అని గద్దించింది. ఎవరూ నవ్వలేదు.

చివరి దృశ్యంలో ముసలమ్మ మరునాడు మళ్లీ అదే లైనులో నిలబడుతుంది. అంతటితో తెర చీకటైంది.

“తరవాతేటయిందమ్మా?” లక్ష్మణమ్మ అడిగింది.

“రేపూ వస్తాది. ఎల్లుండీ వస్తాది. తోట దానిది కదా?” అని జగ్గమ్మ ఆగింది.

ఎర్రన్న నోరు మెదపలేదు.

“ఊఁ” అంది లక్ష్మణమ్మ. ఆ వెనుక హాలు హాలంతా ఒక్క గొంతుతో “ఊఁ” అంది. గణపతిరావు కూడా అన్నాడు. పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. జనం లేచి నిలబడి కొట్టిన చప్పట్లకు బయట ట్రాక్టర్ల దగ్గరున్నవారు లోపలికి పరుగెత్తుకొచ్చారు.

మరునాటి సమావేశపు తీర్మానం నా ముందుంది. వచ్చే ఏడాది మూడురోజులూ జగ్గమ్మ చేతనే కథ చెప్పించాలట, ప్రతిపాదించినవారు గణపతిరావు. ఈ నెలలో పాతపట్నం నుంచి ఆమెకు రెండు పిలుపులు వచ్చాయి. మొన్న ఫోను చేస్తే ఎర్రన్న ఎత్తాడు.

“ఇంట్లో లేదు బాబూ. జముకుకి కొత్త నరం కట్టించడానికెల్లింది.”